మా కుర్మా ఏ దేశానిది?

'మీ మొగలాయి వంటలు భలే ఉంటాయండీ' అని మా మిత్రులు మెచ్చుకుంటారు. మెచ్చుకోలే, కాదనం. కానీ ఆ 'మొగలాయి' అనే మాట ఎక్కడినుంచి వచ్చి మా గిన్నె మీద కూర్చుందో ఎవరూ ఆలోచించరు. మీ వంట బయటిది, కాబట్టి మీరూ బయటివాళ్లే అనే తీర్పు ఆ మెచ్చుకోలు అడుగున ఉంది. దాన్ని కొందరు కత్తితో చెబుతారు, కొందరు నవ్వుతూ చెబుతారు. నవ్వుతూ చెప్పినదానికి జవాబివ్వడమే కష్టం. అందుకే ఒక్క కూర తీసుకుని దాని చరిత్ర అడుగుదాం. ఆ కూర కోడి కుర్మా.

ముందు దాన్ని ఎట్లా వండుతామో చెప్పాలి. కిలో కోడికి పావు కిలో ఉల్లిపాయలు సన్నగా తరిగి నూనెలోనో నెయ్యిలోనో బంగారు రంగు వచ్చేదాకా వేయిస్తాం. తీసి పక్కన పెట్టి చేత్తో నలుపుతాం. అదే నూనెలో ఇలాయచీ, లవంగాలు, దాల్చినచెక్క, షాజీరా వేసి, అల్లం వెల్లుల్లి ముద్ద పచ్చివాసన పోయేదాకా వేయించి కోడి ముక్కలు వేస్తాం. నీళ్లు ఇగిరాక సెగ తగ్గించి, చిలికిన పావు కిలో పెరుగు కొంచెం కొంచెంగా కలుపుతాం. మంట పెద్దదైతే పెరుగు విరిగిపోతుంది. అందుకే ఇక్కడ తొందర పనికిరాదు. ఆ తర్వాత గసగసాలు, గుప్పెడు జీడిపప్పు, అరచిప్ప పచ్చికొబ్బరి కలిపి నూరిన ముద్ద. చివర నలిపిన ఉల్లిపాయలు, నాలుగు పచ్చిమిర్చి చీలికలు, కొత్తిమీర. మూతపెట్టి సన్నని సెగ మీద వదిలేస్తే నూనె పైకి తేలుతుంది. ఎర్ర కారం వెయ్యం, వేసినా చిటికెడే. చిన్నపిల్లలు, పళ్లూడిన దాదీమా, జ్వరం నుంచి లేచినవాళ్లు, కొత్తగా వచ్చిన అల్లుడు, అందరూ ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చుని తినగల కూర అది. దాని మెత్తదనం నవాబుల నాజూకు కోసం పుట్టింది కాదు. మా ఇళ్లలో అది పంక్తిలో అందరికీ సరిపోవాలనే లెక్క.

ఇప్పుడు దీని పేరు చూద్దాం. తుర్కీ భాషలో 'కవుర్మ' అంటే వేయించినది. అక్కడివాళ్లు మాంసాన్ని దాని కొవ్వులోనే వేయించి చలికాలానికి దాచుకుంటారు. ఇరాన్‌లో అదే మాట 'ఘోర్మే' అయింది. అక్కడ ఆకుకూరలతో, రాజ్మాతో వండే ఘోర్మే సబ్జీ చూస్తే మా కుర్మాకి దానికి పోలికే ఉండదు. ఉర్దూలో అది ఖోర్మా, తెలుగులో కుర్మా. మా షీర్ ఖుర్మాలో ఉన్న ఖుర్మా ఈ మాట కాదు. అది పారశీకంలో ఖర్జూరం. అంటే కూర పేరు మధ్య ఆసియా నుంచి నడిచొచ్చిన మాట నిజమే. కానీ పేరు ఒకచోట పుట్టి, వంట మరోచోట పుట్టడం చరిత్రలో వింతేమీ కాదు. తుర్కీ కవుర్మలో పెరుగు, కొబ్బరి, జీడిపప్పు, గసగసాలు లేవు. ఇవన్నీ కలిసింది ఈ నేల మీదే.

పోనీ, సరుకుల పుట్టుపూర్వోత్తరాలు అడుగుదాం. జీడిమామిడి బ్రెజిల్ చెట్టు. పోర్చుగీసువాళ్లు పదహారో శతాబ్దంలో గోవాకి తెచ్చారు. మనవాళ్లకి అంతకుముందే తెలిసిన నల్లజీడి పేరును దానికి తగిలించి సొంతం చేసుకున్నారు. ఇవాళ పలాస జీడిపప్పు అంటే శ్రీకాకుళం గర్వం. తిరుమల లడ్డూలో కూడా అది ఉంటుంది. మిరపకాయ అమెరికా ఖండానిది. 1498లో వాస్కోడగామా కాలికట్‌లో దిగడానికి ముందు ఈ దేశంలో మిరప మొక్క లేదు. మిరియం పేరులోంచే మనవాళ్లు దానికి పేరు పెట్టుకున్నారు. ఇవాళ గుంటూరు కారం లేకుండా ఆంధ్రత్వం లేదంటారు. టమోటా, ఆలుగడ్డ అక్కడివే. ఇంగువ సంగతి మరీ చిత్రం. ఉల్లి, వెల్లుల్లి ముట్టని మడివంటింట్లో పప్పులో, పులిహోరలో పడే ఇంగువ ఇరాన్, అఫ్ఘానిస్తాన్ నుంచి వస్తుంది. దాన్ని ఈ దేశంలో పండించే ప్రయత్నం హిమాచల్‌లోని లాహౌల్ లోయలో 2020లో గానీ మొదలుకాలేదు. వందల ఏళ్లుగా కాబూల్ సరుకు పూజగది పక్కనే ఉన్న వంటింట్లో ఉంది. దాన్ని ఎవరూ నీ దేశం ఏదని అడగలేదు. మమ్మల్ని మాత్రమే ఎందుకడుగుతారు?

ఇక్కడొక లెక్క చెప్పుకోవాలి. ఢిల్లీ సైన్యాలకు ఓరుగల్లు పడింది 1323లో. బహమనీ రాజ్యం మొదలైంది 1347లో. అంటే మిరపకాయ రాకముందే తెలుగు నేల మీద ముస్లింలున్నారు. తెలుగువాళ్లుగా మేం మిరపకాయ కంటే పాతవాళ్లం. ఆ మాటకొస్తే మాలో అత్యధికులం ఎక్కడినుంచో గుర్రాల మీద వచ్చినవాళ్లం కాదు. ఇక్కడి మగ్గాల దగ్గర, దూది ఏకే విల్లు దగ్గర, మాంసం కొట్టే మొద్దు దగ్గర, చాకిరేవు దగ్గర ఉండి దీన్‌లోకి వచ్చినవాళ్లం. అయినా పాతదనాన్ని బట్టి హక్కులు పంచాలని మేం అనడం లేదు. అట్లా పంచితే మిరపకాయకి రేషన్ కార్డు దొరకదు. పాతదనం కొలిచే పని మొదలుపెట్టిన వాళ్లకు ఆ కొలత వాళ్ల వంటింట్లోనే నిలవదని చెప్పడం వరకే మా ఉద్దేశం.

'మొగలాయి' అనే మాట మా విషయంలో ఇంకో అబద్ధం కూడా చెబుతోంది. గోల్కొండ కుతుబ్‌షాహీలది, మొగలులది కాదు. ఇబ్రహీం కుతుబ్‌షాని తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధరకవి 'తపతీ సంవరణోపాఖ్యానం' ఆయనకే అంకితమిచ్చాడు. అచ్చతెలుగులో రాసిన 'యయాతి చరిత్ర'ను పొన్నగంటి తెలగన అంకితమిచ్చింది అమీన్‌ఖాన్‌కి. చివరి సుల్తాను తానీషా కొలువులో అక్కన్న మాదన్నలు మంత్రులు. ఆ గోల్కొండని 1687లో నెలల తరబడి ముట్టడించి కూల్చింది ఔరంగజేబు. తానీషాని పట్టుకెళ్లి దౌలతాబాదు కోటలో ఖైదు చేసింది మొగలులే. ముస్లిం రాజ్యాన్ని ముస్లిం చక్రవర్తి కూల్చిన చరిత్ర మాది. ఓడిపోయిన గోల్కొండ పిల్లలకు గెలిచిన మొగలు పేరు తగిలించి, ఆ మొగలు చేసినవాటికి మమ్మల్ని బోనెక్కించడం ఎంత న్యాయం?

మాంసం వంట ముస్లింలతోనే ఈ దేశానికి వచ్చిందనే మాట కూడా వింటుంటాం. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు పన్నెండో శతాబ్దంలో రాయించిన 'మానసోల్లాసం' తీసి చూడండి. అందులో వేట మాంసం, పంది మాంసం, కాలేయం ముక్కలు, చేపలు, తాబేళ్లు, చివరికి పొలం ఎలకల్ని కాల్చి వండే పద్ధతులున్నాయి. ఆ చాళుక్యుల రాజ్యంలో తెలంగాణ భాగం. అప్పటికి ఢిల్లీలో సుల్తాను లేడు. పల్నాటి కథలో బ్రహ్మనాయుడు, నాగమ్మ పందెం వేసింది కోళ్ల మీదే. కోడి ఈ నేలకి కొత్త కాదు, కోడిని కోసుకు తినడం అంతకన్నా కొత్త కాదు. అటువైపు అక్బరు కాలంలో అబుల్ ఫజల్ రాసిన 'ఐనె అక్బరీ' చూస్తే, వంటల్లో మొదటి తరగతే మాంసం లేని 'సూఫియానా'. వారంలో కొన్ని రోజులు అక్బరు మాంసం ముట్టేవాడు కాదు. అదే పుస్తకంలో దోప్యాజాకి 10 సేర్ల మాంసం, 2 సేర్ల నెయ్యి, 2 సేర్ల ఉల్లి అని కొలతలున్నాయి. ఘాటుకి మిరియాలే తప్ప మిరపకాయ లేదు. శాకాహారం హిందువు, మాంసాహారం ముస్లిం అని గీసిన గీత ఈ రెండు పుస్తకాల్లోనూ కనపడదు. ఆ గీత తర్వాతివాళ్లు గీసింది.

ఇంతవరకు బయటివాళ్లతో మాట్లాడాం. ఇప్పుడు మా ఇంట్లోకి రావాలి. కుర్మా, బిర్యానీ మా 'సంస్కృతి' అని మాలోనే కొందరు పెద్దలు మురిసిపోతుంటారు. ఎవరి సంస్కృతి? దేవిడీల్లో బావర్చీలు వండితే తిన్నవాళ్లది. ఊళ్లో దూదేకుల ఇంట్లో రాయలసీమ అయితే రాగిసంకటి, తెలంగాణ అయితే జొన్నరొట్టె, పచ్చిపులుసు, ఖట్టీ దాల్. పెంచుకున్న రెండు కోళ్లు గుడ్ల కోసం, అమ్ముకోవడం కోసం. కోడి కోస్తే చుట్టమన్నా వచ్చి ఉండాలి, లేదా ఇంట్లో ఎవరికన్నా ఒంట్లో బాగాలేక ఉండాలి. పేదలకు ప్రోటీన్ ఇచ్చింది పెద్దకూర. 1970ల తర్వాత బ్రాయిలర్ ఫారాలు పెరిగి చవక కోడి ఊరూరికీ వచ్చాకే కుర్మా మా మామూలు ఇళ్లలోకి ధైర్యంగా అడుగుపెట్టింది. జీడిపప్పు కొనలేని ఇంట్లో వేయించిన పల్లీలు నూరతారు. గసగసాలు ప్రియమైతే కొబ్బరి పెంచుతారు. నవాబు వంటను మా అమ్మీలు పల్లీలతో తెలుగు వంట చేశారు. దాని ఘనత బావర్చీది కాదు, వాళ్లది. రంజాన్ నెలలో రోజా ఉండి, దప్పికతో పొయ్యి దగ్గర నిలబడి, ఉప్పు చూడకుండా అందాజుతో వండి, అందరూ తిన్నాక అడుగున మిగిలిన మసాలాతో రొట్టె తినే ఆడవాళ్ల పేరు ఏ వంటల పుస్తకంలోనూ లేదు. మా అస్తిత్వం గురించి రాసే మేం కూడా వాళ్ల చేతి పనిని లెక్కలోకి తీసుకోకపోతే అది సగం అస్తిత్వమే.

ఇంకో సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2007 చట్టం వెనుకబడిన ముస్లింలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఇచ్చినప్పుడు ఎవరిని మినహాయించాలో కూడా రాసింది. సయ్యద్, పఠాన్‌లతో పాటు మొగల్ పేరు ఆ మినహాయింపు జాబితాలో ఉంది. అత్తరు సాయిబులు, ధోబీ ముస్లింలు, ఖురేషీ కసాబులు, షేక్‌లు, తురక కాశవాళ్లు లబ్ధిదారులు. దూదేకులవాళ్లు అంతకుముందు నుంచే బీసీ-బిలో ఉన్నారు. అంటే మాలో ఎక్కువమందిమి మొగలులం కాదని చట్టం కాగితమే చెబుతోంది. హోటలు బోర్డుకి, వాట్సాప్ చరిత్రకారులకి మాత్రం ఇంకా తెలియలేదు.

మరి ఈ కుర్మా ఎవరి గడప తొక్కలేదు? 'శుద్ధ శాకాహార' హోటల్లో పూరీతో, పరోటాతో వచ్చే వెజిటబుల్ కుర్మా ఎవరిది? పెళ్లి భోజనాల్లో వడ్డించే కుర్మా ఎవరిది? మాట తుర్కీది, ఆలుగడ్డ పెరూది, పెట్టేది ఉడుపి హోటలు. అక్కడ దానికి మతం లేదు. ఢిల్లీ చూడండి. వెన్న, మీగడ, టమోటా కలిసిన బటర్ చికెన్‌ను దేశమంతా 'మొగలాయి' అంటుంది. దాన్ని ప్రసిద్ధం చేసింది 1947 విభజనలో పెషావర్ వదిలి ఢిల్లీ దర్యాగంజ్‌కి వచ్చిన కుందన్‌లాల్ గుజ్రాల్, ఆయన భాగస్థుల మోతీమహల్. అది మొదట ఎవరు చేశారని 2024లో వారసులు ఢిల్లీ హైకోర్టుకెక్కారు కూడా. ఏ మొగలుకీ తెలియని కూర అది, ఇల్లు పోగొట్టుకున్న పంజాబీ హిందువులది. లండన్ సంగతి ఇంకో రకం. 1810లోనే పట్నాకి చెందిన షేక్ దీన్ మహమ్మద్ అక్కడ హిందుస్తానీ కాఫీ హౌస్ తెరిచాడు, రెండేళ్లలో దివాలా తీశాడు. తర్వాతి కాలంలో సిల్హెట్ నుంచి వెళ్లిన బెంగాలీ ముస్లింలు అక్కడి వీధివీధినా 'ఇండియన్' హోటళ్లు పెట్టారు. వాటి మెనూలో అన్నిటికంటే కారం తక్కువ కూర పేరు కోర్మా. 2001లో బ్రిటిష్ విదేశాంగ మంత్రి రాబిన్ కుక్ చికెన్ టిక్కా మసాలాని బ్రిటన్ జాతీయ వంటకం అన్నాడు. విదేశంలో ముస్లిం వండితే అది 'ఇండియన్'. ఇండియాలో ముస్లిం వండితే అది 'మొగలాయి'. ఈ తిరకాసు మాకు అర్థం కాదనుకోవద్దు.

2023లో 12వ తరగతి చరిత్ర పుస్తకంలోంచి ఎన్‌సీఈఆర్‌టీ మొగలు దర్బారుల పాఠాన్ని తీసేసింది. పాఠంలో లేని మొగలు తిట్టులో ఉన్నాడు, హోటలు మెనూలో ఉన్నాడు. చదువుకుని తెలుసుకునే దారి మూసేసి, ద్వేషించే దారి, తినే దారి మాత్రం తెరిచి ఉంచారు.

సెక్యులర్ మిత్రులతో కూడా ఒక మాట. రంజాన్‌కి పిలిస్తే వస్తారు. పక్కన కూర్చుని కుర్మా తింటారు. అది చిన్న విషయం కాదు, తినని కాలం కూడా మాకు తెలుసు. కానీ మేం అద్దె ఇంటి కోసం తిరిగేటప్పుడు పేరు వినగానే 'మాంసం వండుతారు కదా, కుదరదు' అని తలుపేసే వీధిలోనే మీరూ ఉంటున్నారు. ఆ ఇంటివాళ్లు ఆదివారం కోడి కూర తింటారని మీకూ తెలుసు. అభ్యంతరం మసాలా వాసనకి కాదు. మా గిన్నె పంక్తిలోకి వచ్చింది, మేం ఇంకా రాలేదు. కూరకిచ్చిన చోటు మనిషికి కూడా ఇప్పించే పనిలో మీరు మాతో నిలబడాలి. గంగా జమునా తెహజీబ్ అనే మాట భోజనం దగ్గరే ఆగిపోతే మాకు చాలదు.

మా కుర్మాకి తుర్కీ పేరుంది, బ్రెజిల్ జీడిపప్పుంది, ఈ నేల కోడి, ఈ నేల పెరుగు, ఈ నేల కొబ్బరి ఉన్నాయి. వీటిలో ఏ ఒక్కటి తీసేసినా అది మా కుర్మా కాదు. మేమూ అంతే. ఏ ఒక్క ముక్కా వదులుకోమని మమ్మల్ని అడగొద్దు. అది ఏ దేశానిదని ఇంకా అడిగేవాళ్లకి జవాబొకటే. దాన్ని వండిన పొయ్యి ఏ ఊళ్లో ఉందో చూడండి. ఆ కూర ఆ ఊరిది, ఆ పొయ్యి ముందు కూర్చున్న మనిషీ ఆ ఊరి మనిషే.