కొత్త ముక్కుకు రాత్రి కాపలా

ఖరగ్‌పూర్ మీదుగా వెళ్ళే ఏ రాత్రి రైల్లోనైనా బెర్తుల మీద నిద్రపోతున్నవారిని గమనించండి. ఒకరు వెల్లకిలా, ఒకరు పక్కకు ఒత్తిగిలి, ఇంకొకరు బోర్లా పడుకుని ఉంటారు. కాసేపాగి చూస్తే భంగిమలు మారిపోతాయి. నిద్రలో ఎన్నిసార్లు దొర్లామో మనకే తెలియదు. ముక్కుకు శస్త్రచికిత్స జరిగినవారికి మాత్రం ఈ స్వేచ్ఛ ఉండదు. కొన్ని వారాలపాటు తల ఎత్తుగా పెట్టుకుని వెల్లకిలానే పడుకోవాలని వైద్యులు చెబుతారు. ఈ జాగ్రత్త కొత్తదేమీ కాదు. రెండు వందల ఏళ్ళకు పైబడిన ఒక లేఖలోనే ఇది కనిపిస్తుంది.

కావస్‌జీ అనే మరాఠీ రైతు 1792 నాటి మైసూరు యుద్ధంలో ఇంగ్లీషు సైన్యానికి ఎద్దులు తోలేవాడు. టిప్పు సుల్తాను సైనికులకు బందీగా చిక్కినప్పుడు అతని ముక్కునూ ఒక చేతినీ కోసివేశారు. ఏడాదికి పైగా అతడు ముక్కు లేకుండానే బతికాడు. చివరకు పూనా దగ్గర, ఇటుకలు చేసే కులానికి చెందిన ఒక వ్యక్తి అతనికి కొత్త ముక్కు అమర్చాడు. ఈ వృత్తాంతం 1794 అక్టోబరులో లండన్‌లోని 'జెంటిల్‌మన్స్ మాగజీన్'లో అచ్చయింది. ఇంత పని చేసినవాని పేరు మాత్రం అందులో లేదు.

పద్ధతి ఇది. ముందుగా మైనపు రేకుతో ముక్కు ఆకారం తయారుచేస్తారు. దాన్ని చదును చేసి నుదుటిపై పెట్టి చుట్టూ గీత గీస్తారు. అంతమేర చర్మాన్ని ఒలిచి, కనుబొమల మధ్య సన్నని పట్టీని మాత్రం తెగకుండా ఉంచుతారు. చర్మాన్ని కిందికి తిప్పి ముక్కు స్థానంలో అమరుస్తారు. అతుకుపై కాచు పూసిన గుడ్డలు వేస్తారు. నాలుగు రోజుల తర్వాత వాటిని తీసి, నేతిలో ముంచిన గుడ్డలు కప్పుతారు. పదవ రోజున నాసికారంధ్రాలు మూసుకుపోకుండా మెత్తని గుడ్డముక్కలు పెడతారు. సుమారు 25వ రోజున ఆ పట్టీని కోస్తారు.

మొదటి అయిదారు రోజులు రోగిని వెల్లకిలా పడుకోబెట్టేవారని కూడా ఆ లేఖ చెబుతోంది. ఎందుకని? కారణం అందులో లేకపోయినా మనం ఆలోచించి తెలుసుకోవచ్చు. కొత్త ముక్కుకు రక్తం అందేది ఆ సన్నని పట్టీ ద్వారానే. రోగి మెలకువగా ఉన్నప్పుడు ముక్కును కాపాడుకోగలడు, నిద్రలో కాపాడుకోలేడు. బోర్లా తిరిగితే పట్టీ నలుగుతుంది, రక్తప్రసరణ ఆగుతుంది, చర్మం చచ్చిపోతుంది. అతుకు దగ్గర కొత్త రక్తనాళాలు పెరిగేదాకా పట్టీయే దానికి ప్రాణాధారం. ఈనాడు కూడా నుదుటి చర్మంతో ముక్కు కట్టే వైద్యులు సాధారణంగా మూడు వారాలు ఆగాకే దాన్ని కోస్తారు.

ఈ విద్యకు మూలాలు ఇంకా పాతవి. సుశ్రుత సంహిత చెంప చర్మంతో ముక్కు కట్టే పద్ధతిని వివరించింది. ఊపిరి ఆడటానికి రెండు గొట్టాలు పెట్టాలనీ, దూది కప్పి నువ్వుల నూనెతో తడుపుతుండాలనీ చెప్పింది. ఖరగ్‌పూర్‌కు సుమారు 115 కిలోమీటర్ల దూరంలోని కలకత్తాలో పండిట్ మధుసూదన్ గుప్తా ఆ గ్రంథాన్ని 1835–36లో అచ్చు వేయించారు. అంతకు ముందే, 1814 అక్టోబరు 23న, పూనా పద్ధతిని అనుసరించి జోసెఫ్ కార్ప్యూ లండన్‌లో ఈ శస్త్రచికిత్స చేశాడు.

నేడు ముక్కు ఆకారం సరిదిద్దే శస్త్రచికిత్సలో తరచు ఎముకను విరిచి సరిచేస్తారు. పైన సుమారు వారంపాటు గట్టి తొడుగు ఉంచుతారు. తల ఎత్తుగా ఉంటే ముఖంలో ద్రవం చేరడం తగ్గి, వాపు త్వరగా దిగుతుంది. ఎముక గట్టిపడటానికి వారాలు పడుతుంది కనుక, తొడుగు తీసిన తర్వాత కూడా ముక్కుకు ఒత్తిడి తగలరాదు.

కత్తి పని కొద్దిసేపట్లో ముగుస్తుంది. మిగిలిన పని రోగి శరీరం రాత్రింబవళ్ళు నెమ్మదిగా చేస్తుంది. పేరు తెలియని ఆ పూనా చికిత్సకుడు ఈ సంగతి గ్రహించాడు. కోయడం ఎంత జాగ్రత్తగా చేశాడో, రోగిని పడుకోబెట్టడంలోనూ అంతే జాగ్రత్త తీసుకున్నాడు.