నలువదిమంది పిల్లల లెక్క

విద్యావిధానమను మాట వినగానే మనకు ఢిల్లీనగరము, పార్లమెంటు భవనము, విద్వాంసులు కూర్చుండి వ్రాసిన నివేదికలు స్ఫురించును. ఆ విధానము మన వీథిలోని బడిని ఎట్లు మార్చినదో తెలిసికొనుటకు మాత్రము ఢిల్లీ పోవలసిన పనిలేదు. ప్రధానోపాధ్యాయుని గదిలోని బీరువా తెరచి ప్రవేశ రిజిస్టరును, హాజరు పట్టీలను, టి.సి. పుస్తకములోని అడుగుకాగితములను చూచిన చాలును. ఉద్యోగకాలమంతయు రిజిస్టర్ల నడుమ గడపినవారమగుటచే, మేమీ విషయమును పండితులవలె గాక గుమాస్తాలవలెనే పరిశీలింప దలచితిమి. రాష్ట్రేతరాంధ్రులమైన మనకు ఇది కేవలము చరిత్ర గాదు. రేపు మన మనుమలు తెలుగక్షరము దిద్దుదురో లేదో తేల్చు లెక్క.

ఉదాహరణకు హోసూరు ప్రాంతమును తీసికొందము. ఇది పూర్వము సేలము జిల్లాలోని తాలూకా. 1965లో ధర్మపురి జిల్లాలోను, 2004లో కృష్ణగిరి జిల్లాలోను చేరినది. మైసూరు సరిహద్దున నుండుటచే ఇచ్చట తెలుగు, కన్నడము, తమిళము మూడును తరతరములుగా కలసి మెలగుచున్నవి. రాజాజీగారి స్వగ్రామమైన తొరపల్లి ఈ హోసూరు చేరువనే యున్నది. మదరాసు రాజధానిలో తెలుగు ప్రధానభాషలలో నొకటి యగుటచే, ఆ కాలమున తెలుగుబడి తన అర్హతను నిరూపించుకొనవలసిన అవసరము అంతగా లేకుండెను. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడినది. 1956 నవంబరు 1వ తేదీన దేశమందలి పెక్కు రాష్ట్రములు భాషల ననుసరించి పునర్విభజింపబడినవి. ఈ ప్రాంతమున ఒక్క ఇల్లును కదలలేదు. ఒక్క పొలము గట్టును జరగలేదు. అయినను మన పిల్లలు ‘అల్పసంఖ్యాక భాషావర్గము’ అను పద్దు క్రిందికి వచ్చిరి. నాటినుండి తెలుగుబడికి తల లెక్క అవసరమైనది.

ఆ లెక్క అంతకు ముందే సిద్ధమై యుండెను. 1949 ఆగస్టులో రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశము ఒక తీర్మానము చేసెను. ఒక తరగతిలో 10మంది గాని, బడి మొత్తముమీద 40మంది గాని ఒక అల్పసంఖ్యాక భాషను మాతృభాషగా గలవారున్నచో, వారికి ఆ భాషలో ప్రాథమికవిద్య నేర్పుటకు కనీసము ఒక ఉపాధ్యాయుని నియమింపవలెనని దాని సారాంశము. పిల్లవాని మాతృభాష ఏదియో చెప్పుటకు తలిదండ్రులకే అధికారము. 1956లో జరిగిన ఏడవ రాజ్యాంగ సవరణచే 350-ఎ అధికరణము చేరి, ఈ సౌకర్యము కల్పించుటకు ప్రతి రాష్ట్రమును, ప్రతి స్థానికసంస్థయు ప్రయత్నింపవలెనని శాసించినది. దాని ప్రక్కనే 350-బి అధికరణము క్రింద భాషాల్పసంఖ్యాకుల కొరకు ఒక ప్రత్యేకాధికారి ఏర్పడెను. ఉన్నతపాఠశాలలకు వేరొక లెక్క కుదిరినది: తరగతికి 15మంది, పై నాలుగు తరగతులలో కలిపి 60మంది.

ఈ నియమములో ‘గాని’ అను చిన్న మాటకు గల విలువను పాఠకులు గమనింపవలెను. ఐదు తరగతుల బడిలో తరగతికి 9మంది వంతున తెలుగుపిల్లలున్నారనుకొందము. ఏ తరగతిలోను పదిమంది లేరు; కాని బడిలో మొత్తము 45మంది యున్నారు. నియమము ప్రకారము వీరికి ఉపాధ్యాయుడు రావలసినదే. ‘గాని’కి బదులు ‘మరియు’ అని చదివిన అధికారి యెదుట ఆ బడికే అర్హత లేకపోవును. ఒక్క మాటను చదువుటలోని భేదముచే 45మంది పిల్లల భాష బడిదాటి పోవచ్చును. విధానము ఢిల్లీలో ఒకటే. దాని ఫలితము మాత్రము చదివిన చోటును బట్టి, లెక్కించిన చేతిని బట్టి మారుచుండును.

ఇంకొక ఏర్పాటు గలదు. దానిని మనవారిలో పెక్కుమంది ఎరుగరు. దక్షిణమండలమునకు చెందిన రాష్ట్రముల మంత్రులు 1959లో కుదుర్చుకొన్న ఏర్పాటులలో ‘ముందస్తు నమోదు’ అనునది యొకటి. బడి తెరచుటకు మూడు నెలలు ముందుగనే ఒక పుస్తకము తెరచి, ఏ తలిదండ్రులు తమ పిల్లలకు ఏ భాషలో చదువు కోరుచున్నారో అందులో వ్రాసికొనవలెను. ఒక బడిలో సంఖ్య చాలకున్నచో ప్రక్కబడి పిల్లలతో కలిపి చూడవలెను. అనగా బడిలో ఇప్పుడున్న పిల్లలను మాత్రమే గాక, బడిలో తెలుగున్నచో రాదలచిన పిల్లలను గూడ లెక్కింపవలెనన్నమాట. ఉన్నవారిని మాత్రమే లెక్కించినచో, తెలుగు లేని బడిలో తెలుగు కోరువారు ఎన్నటికిని కనబడరు గదా!

ఇక జాతీయ విధానముల సంగతి. 1964-66 కొఠారీ సంఘపు నివేదిక ననుసరించి 1968 జూలైలో మొదటి జాతీయ విద్యావిధానము ప్రకటితమైనది. త్రిభాషాసూత్రము అందులోనిదే. ఆ సూత్రము వ్రాసిన వారి దృష్టిలో హిందీ మాటలాడని రాష్ట్రమందలి పిల్లవానికి రాష్ట్రభాష, హిందీ, ఇంగ్లీషు అను మూడు భాషలు. మన పిల్లవానికి ఇంటిభాష వేరు గనుక మూడు నాలుగగును. మదరాసు శాసనసభ ఆ యేటనే జనవరిలో హిందీని తొలగించి రెండు భాషల పద్ధతిని తీర్మానించెను. ఆ పద్ధతిలో తెలుగువారు చాలకాలము తమ భాషనే మొదటి భాషగా చదువుకొనగలిగిరి. 2006లో చేసిన తమిళభాషాధ్యయన చట్టము 2006-07లో ఒకటవ తరగతితో ఆరంభించి ఏటేట ఒక్కొక్క తరగతికి తమిళమును మొదటి భాషగా తప్పనిసరి చేసెను. పదవ తరగతికి చేరునప్పటికి న్యాయస్థానములలో వ్యాజ్యములు నడచి, కొన్ని సంవత్సరముల విద్యార్థులకు మినహాయింపులు లభించినవి. తమిళము నేర్చుట మన ధర్మము. మనము త్రాగు నీరు, తిను తిండి ఆ నేలవి. మా ప్రశ్న అది గాదు. తమిళము వచ్చిన బడిలో తెలుగు ఉపాధ్యాయుని స్థానము నిలిచినదా లేదా యనునదే ప్రశ్న.

1986 విధానమును అనుసరించి 1987లో వచ్చిన ‘ఆపరేషన్ బ్లాక్‌బోర్డు’ పథకము ప్రతి ప్రాథమిక పాఠశాలకు కనీసము రెండు గదులు, ఇద్దరుపాధ్యాయులు ఉండవలెనన్నది. 2010 ఏప్రిలు 1వ తేదీనుండి అమలైన విద్యాహక్కు చట్టము 60మంది పిల్లలవరకు ఇద్దరుపాధ్యాయులని నిర్ణయించి, బోధన సాధ్యమైనంతవరకు మాతృభాషలో సాగవలెనని చెప్పినది. 2020 జూలై విధానము కనీసము ఐదవ తరగతివరకు మాతృభాషయందు బోధన సాధ్యమైనచోటనెల్ల ఉండవలెనన్నది. రాజ్యాంగములో ‘ప్రయత్నము’, చట్టములో ‘సాధ్యమైనంతవరకు’, విధానములో ‘సాధ్యమైనచోట’. ఆశయములన్నియు మంచివే. కాని మా బడిలో సాధ్యమా కాదా యని తేల్చునది ఢిల్లీ గాదు. మా బడి రిజిస్టరు.

ఆ రిజిస్టరును ఎట్లు చదువవలెను? తెలుగుశాఖ మూతపడినచోట రెండు వాదములు వినబడును. “పిల్లలు లేరు గనుక ఉపాధ్యాయుని వేయలేదు” అని కార్యాలయము. “ఉపాధ్యాయుడు లేడు గనుక పిల్లలను మాన్పించితిమి” అని తలిదండ్రులు. ఇరువురును ప్రమాణము చేసి చెప్పుదురు. నిజము తేల్చునవి తేదీలు. ఉపాధ్యాయుడు బదిలీయై గాని, విరమించి గాని వెళ్లిన తేదీ ఒక కాగితముపై వ్రాయవలెను. పిల్లలు టి.సి. తీసికొన్న తేదీలను దాని ప్రక్కన వ్రాయవలెను. ఏది ముందు, ఏది వెనుక యనునది అప్పుడు కన్నులకు గట్టును.

రెండవది పోలిక. అదే బడిలోని తమిళశాఖలోను అదే యేండ్లలో పిల్లలు అదే వంతున తగ్గిరా? తగ్గినచో కారణము తెలుగునకు సంబంధించినది గాకపోవచ్చును. ఊరిలో కాన్పులు తగ్గియుండవచ్చును, ప్రైవేటు ఇంగ్లీషు బడి వచ్చియుండవచ్చును. తెలుగుశాఖ మాత్రమే తగ్గినచో కారణమును మన భాషకు జరిగిన ఏర్పాటులలో వెదకవలెను. మూడవది, ఒకే యేటి పిల్లల వెంట నడచుట. ఒకటవ తరగతిలో చేరిన పేర్లను పట్టుకొని ఐదవ తరగతివరకు చూచినచో ఎందరు నిలిచిరో, ఎందరు నడుమ శాఖ మారిరో తెలియును. ఏటికొకమారు పైకి పంపు మొత్తపు సంఖ్యలలో ఈ సంగతులు కరగిపోవును.

మేమెరిగిన ఒక గ్రామపు బడిలో ఈ పని చేసి చూచితిమి. తెలుగు ఉపాధ్యాయుడు విరమించిన పిమ్మట ఆ స్థానము ఖాళీగా నుండిపోయెను. మరుసటి జూనులోనే టి.సి.లు వరుసగా తెగినవి. మా అనుమానము స్థిరపడినదని సంతోషించి పుట వెనుకకు త్రిప్పితిమి. అంతకు మూడు నాలుగేండ్ల ముందే కొన్ని టి.సి.లు తెగియుండెను. అవి కలిగిన ఇండ్ల పిల్లలవి. పట్టణములోని ఇంగ్లీషు బడికి పోయినవారివి. ఆ పేర్లలో మా ఇంటిపేరు గూడ నుండెను. ముందస్తు నమోదు పుస్తకమేదియని అడిగితిమి. అట్టిదొకటి తమ కాలములో ఎవ్వరును అడుగలేదనిరి. అడుగవలసినది మనము! ఉపాధ్యాయుని వేయకపోవుట కార్యాలయపు దోషమే. ఐనను ఆ దోషమునకు త్రోవ మేమే తీసితిమని ఒప్పుకొనక తప్పలేదు. ఆ దినమున రిజిస్టరు మూసివేసి ఇంటికి వచ్చుచుండగా మాకు మాట పెగలలేదు.

ఈ సంకలనమును చదువువారు పలు రాష్ట్రములవారు. ఒక్కొక్కచోట లెక్క ఒక్కొక్క రీతిగా నుండును. 1936లో ఒడిశా ఏర్పడినపుడు బరంపురము, పర్లాకిమిడి వంటి పట్టణములలోని తెలుగువారు మనకంటె ముందే ఈ పద్దున చేరిరి. ముంబాయి నగరపాలక సంస్థ తెలుగుమాధ్యమపు బడులను నడుపుచున్నది; మహారాష్ట్రలో 2020లో మరాఠీ బోధనను తప్పనిసరి చేయు చట్టము వచ్చెను. ప్రైవేటు బడులలో మాతృభాషామాధ్యమమును ప్రభుత్వము బలవంతపెట్టరాదని కర్ణాటక వ్యాజ్యములో 2014 మేలో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. అనగా అచ్చట ఎన్నిక తలిదండ్రులది. ఆ ఎన్నిక తెలుగునకు మేలు చేసినదా, ఇంగ్లీషునకా యనునది లెక్కించి చూడవలసినదే. యానాములో తెలుగే అధికసంఖ్యాకుల భాష. ఐనను ఆంధ్రప్రదేశ్ పాఠ్యక్రమము ననుసరించిన అచ్చటి ప్రభుత్వ పాఠశాలలు 2023-24 నుండి దశలవారీగా కేంద్ర పాఠ్యక్రమమునకు మారినవి. ఆ మార్పునకు ముందటి తరగతుల పట్టీలను ఇప్పుడే భద్రపరచినచో, పదేండ్ల పిమ్మట పోల్చి చూచుటకు ఆధారముండును.

కావున మన సంఘములకు ఒక్క విన్నపము. ప్రతి సంఘమును ఒక గట్టి అట్టపుస్తకము కొనవలెను. ఊరిలోని బడి పేరు, ఏటేట తెలుగు చదువు పిల్లల సంఖ్య తరగతివారీగా, తెలుగు ఉపాధ్యాయుల స్థానములెన్ని, నిండినవెన్ని, ఏ తేదీన ఖాళీయైనది, పుస్తకములు ఏ నెలలో చేరినవి, ఇవి వ్రాసిన చాలును. పిల్లల పేర్లు అక్కరలేదు. మార్చినెలలో తెలుగుచదువు కోరు తలిదండ్రులచే అర్జీలు వ్రాయించి బడిలో ఇచ్చి రసీదు పుచ్చుకొనవలెను. వార్షికోత్సవమున సన్మానములకు ముందు ఆ సంవత్సరపు పుటను సభలో చదువవలెను.

కష్టమైన పని కాదు. ఏటికి రెండు పూటల పని. ఉపన్యాసములతో నలువదిమంది పిల్లలు చేరరు. నలువదిమంది ఉన్నారని కాగితముపై చూపగలిగినవారి అర్జీని త్రోసివేయుట మాత్రము ఏ కార్యాలయమునకైనను అంత సులభము గాదు. తక్కువైనచో ఎవరివలన తక్కువైనదో తెలిసికొను ధైర్యము మనకుండవలెను. ఆ పుస్తకములో మొదటి పంక్తి వ్రాయుటకు మా చేతి కలము సిద్ధముగా నున్నది.