కాగితానికి రెండో వైపు

అటక సర్దేటప్పుడు పొలం దస్తావేజులు, పిల్లల జాతకాలు మళ్లీ పెట్టెలోకి వెళతాయి. ఆ ఇంటి ఇల్లాలు ఏదో రాసుకున్న నోటుపుస్తకాలు మాత్రం పాత కాగితాలవాడి తక్కెడలోకి పోతాయి. ఇది మీకు తెలియని సంగతి కాదు. కాబట్టే ఐర్లండు కథారచయిత్రి మేరీ లావిన్ కాగితాల గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించింది. ఆమె రాతప్రతులు కొన్ని డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీలోనూ, కొన్ని అమెరికాలోని బింగమ్‌టన్ విశ్వవిద్యాలయంలోనూ భద్రంగా ఉన్నాయి.

ఆమె 1912లో అమెరికాలో పుట్టింది. తల్లిదండ్రులు ఐర్లండువాళ్లే. చిన్నతనంలోనే ఆ దేశం చేరి, డబ్లిన్‌లో చదువుకుని, వర్జీనియా వుల్ఫ్ నవలల మీద డాక్టరేటుకు పరిశోధన మొదలుపెట్టింది. ఒకరోజు టైపు చేసిన ఆ పరిశోధన కాగితాలనే వెనక్కి తిప్పి, ఖాళీ వైపున ఒక కథ రాసేసింది. చూడండి, ఒక వైపు ఇంకొకరి రచన మీద వ్యాఖ్యానం, రెండో వైపు తన సొంత గొంతు! ‘మిస్ హాలండ్’ అనే ఆ కథ 1939లో డబ్లిన్ మాగజైన్‌లో వచ్చింది. డాక్టరేటు మాత్రం అక్కడితో ఆగిపోయింది. ఆగిపోవడమే మంచిదయిందని నా అభిప్రాయం.

1942లో మొదటి కథల సంపుటి వెలువడింది, దానికి జేమ్స్ టెయిట్ బ్లాక్ బహుమతి వచ్చింది. పెళ్లీ ఆ ఏడాదే. 1954లో భర్త పోయాడు. ముగ్గురు ఆడపిల్లలు, ఇంకా చిన్నవాళ్లు. మీత్ జిల్లా బెక్టివ్‌లో పొలం. పిల్లల్ని సాకాలి, వ్యవసాయం చూసుకోవాలి, ఆ మధ్యలోనే కథ కూడా రాయాలి.

అలాగని తొందరగా రాసి పడేసే మనిషి కాదు. ఒకే కథను మళ్లీ మళ్లీ తిరగరాసేది. అచ్చయిన కథను సైతం దిద్దేది. ఇంటి బాధ్యతలు తన సమయాన్ని కుదించడం వల్లనే ఏది రాయాలో ఏది వదలాలో ఎంచుకోగలిగానని 1959 నాటి కథల సంపుటి ముందుమాటలో చెప్పుకుంది. ఆమె మాట ఆమెది. నాకు మాత్రం అందులో కొంత మనసుకు సర్దిచెప్పుకోవడం వినిపిస్తుంది. మీకేమనిపిస్తుందో!

1958 నుంచి న్యూయార్కర్ పత్రిక ఆమె కథలు వేసుకోసాగింది. రేచెల్ మెకెంజీ అనే సంపాదకురాలితో ఏళ్లతరబడి ఉత్తరాలు నడిచాయి. లావిన్ 1996లో కన్నుమూసింది. అట్లాంటిక్ దాటివెళ్లిన ఆ ఉత్తరాలను పత్రికవాళ్లు పారేయకుండా ఫైళ్లలో దాచారు. ఇప్పుడవి న్యూయార్కు పబ్లిక్ లైబ్రరీలో ఉన్నాయి.