పెళ్లయితే చాలనుకుంటారు

అమెరికా పౌరుణ్ణో పౌరురాలినో పెళ్లాడితే ఇక ఈ దేశం నుంచి ఎవరూ కదిలించలేరని మన ఊళ్లలో గట్టి నమ్మకం. నేనుంటున్న ఈ దేశపు చరిత్ర చూస్తే ఆ ధీమా నిలవదు. 1907 చట్టం ప్రకారం, విదేశీయుణ్ణి చేసుకున్న అమెరికన్ స్త్రీ తన పౌరసత్వాన్నే పోగొట్టుకునేది. ఒకావిడ కోర్టుకెక్కితే 1915లో సుప్రీంకోర్టు కూడా చట్టం పక్షానే నిలిచింది. 1922లో కేబుల్ చట్టం ఈ అన్యాయాన్ని చాలావరకు సరిదిద్దింది గానీ, పౌరసత్వానికి అర్హత లేని జాతివాణ్ణి చేసుకున్నవాళ్లకు పాత శిక్షే మిగిల్చింది. మరుసటి ఏడాదే, పౌరసత్వం కోరిన భగత్‌సింగ్ థిండ్ అనే భారతీయుడి కేసులో మనవాళ్లకు ఆ అర్హత లేదని సుప్రీంకోర్టు తేల్చేసింది. దాంతో మనవాణ్ణి పెళ్లాడిన అమెరికన్ యువతి పుట్టినగడ్డ మీదే పరాయిదైంది. ఆ నిబంధన 1931లో పోయింది. మనవాళ్లకు పౌరసత్వం మాత్రం 1946 దాకా ఆగింది.

ఇప్పుడు జాతి అడగరు, ఎలా వచ్చావని అడుగుతారు. వీసా మీద వచ్చినవారు గడువు దాటిపోయినా, భార్యో భర్తో పౌరులైతే సాధారణంగా ఇక్కడే గ్రీన్‌కార్డు అడగొచ్చు. దొంగచాటుగా సరిహద్దు దాటినవారు మాత్రం చాలావరకు బయటికెళ్లి వీసా తెచ్చుకోవాలి. 1996 చట్టం అక్కడే మెలిక పెట్టింది: ఏడాది, అంతకుమించి అక్రమంగా ఉండి బయటికెళ్తే పదేళ్లు రానివ్వరు. పద్ధతిగా కాగితాలు తెచ్చుకుందామని వెళ్లినవాడే ఇరుక్కుంటాడు. ఇంతకన్నా వక్రమైన నిబంధన నేను చూడలేదు. మినహాయింపు కావాలంటే, ఇక్కడున్న జీవిత భాగస్వామికి తీవ్రమైన కష్టం కలుగుతుందని రుజువు చేయాలి. ఎడబాటు బాధ ఒక్కటే సరిపోదు, ఆసుపత్రి కాగితాలూ అప్పుల లెక్కలూ చూపించాలి.

పదేళ్లుగా ఇక్కడే ఉన్నవారు బహిష్కరణ రద్దు చేయమని జడ్జిని కోరవచ్చు. అక్కడ కష్టానికి కొలత ఇంకా కఠినం, పైగా ఏడాదికి 4,000 మందికే పరిమితి. బహిష్కరణ కేసు మొదలయ్యాక చేసుకున్న పెళ్లిని అనుమానంగానే చూస్తారు. కాగితాల కోసం చేసుకున్న పెళ్లని తేలిందా, తర్వాత నిజమైన పెళ్లి చేసుకున్నా దాని మీద గ్రీన్‌కార్డు రాదు.

హింసించే భర్త పౌరుడో గ్రీన్‌కార్డుదారో అయితే, అతని సంతకం లేకుండానే భార్య సొంతంగా అర్జీ పెట్టుకోవచ్చు. 1994 చట్టం ఇచ్చిన ఈ వీలు మన ఆడపిల్లలకు తెలియాలి. భర్త హెచ్-1బి మీద ఉంటే మాత్రం ఇది వర్తించదు.

ఇమిగ్రేషన్ కోర్టులో ప్రభుత్వ ఖర్చుతో లాయరును ఇవ్వరు. వాయిదాకు వెళ్లకపోతే గైర్హాజరులోనే ఉత్తర్వు ఇచ్చేస్తారు. మీవాళ్లెవరికైనా నోటీసు వస్తే, ఏజెంట్లను నమ్మకుండా లైసెన్సున్న ఇమిగ్రేషన్ లాయరును కలవమనండి. ఆ లాయరుతో మాట్లాడేదాకా విమానం ఎక్కొద్దనండి.