ఆర్మ్ క్లౌడ్‌పై ఆల్పైన్ లినక్స్: తేలికైన సర్వర్‌లో ఏముంటుంది, ఏముండదు

క్లౌడ్‌లో సర్వర్‌ను అద్దెకు తీసుకునే సంస్థ ముందుగా రెండు విషయాలు తేల్చుకోవాలి. ఏ జాతి ప్రాసెసర్‌ను ఎంచుకోవాలన్నది మొదటిది. దానిపై ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌ను నడపాలన్నది రెండోది. ఇంటెల్, ఏఎండీ సంస్థల ఎక్స్86 ప్రాసెసర్, దానిపై అన్ని హంగులూ ఉన్న లినక్స్ అన్నదే చాలాకాలం పాటు ఈ రెండింటికీ సమాధానంగా ఉండేది. ఇప్పుడు ప్రధాన క్లౌడ్ సంస్థలన్నీ ఆర్మ్ ప్రాసెసర్లతో సర్వర్లను అందిస్తున్నాయి. వాటిపై అతి తక్కువ స్థలంలో ఇమిడిపోయే లినక్స్ ఇమేజ్‌లు కూడా సిద్ధంగా లభిస్తున్నాయి. ఈ రెండూ కలిస్తే నెలవారీ అద్దె తగ్గే అవకాశం ఉంది. అయితే తేలికైన ఇమేజ్ అంటే కొన్ని భాగాలను తొలగించిన ఇమేజ్ అని అర్థం. అలా తొలగిపోయిన వాటిలో తెలుగు అక్షరక్రమం కూడా ఉండవచ్చు.

ఆర్మ్ నేపథ్యం

బ్రిటన్‌లోని కేంబ్రిడ్జ్‌కు చెందిన ఏకార్న్ కంప్యూటర్స్ సంస్థలో సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ రూపకల్పన చేసిన తొలి ఆర్మ్ చిప్ 1985 ఏప్రిల్‌లో పనిచేయడం మొదలుపెట్టింది. తక్కువ సంఖ్యలో, సరళమైన ఆదేశాలతో ప్రాసెసర్‌ను నడపడం దాని మూలసూత్రం. 1990లో ఏకార్న్, యాపిల్, వీఎల్‌ఎస్‌ఐ టెక్నాలజీ సంస్థల భాగస్వామ్యంతో ఆర్మ్ ప్రత్యేక సంస్థగా ఏర్పడింది. విద్యుత్తును పొదుపుగా వాడే లక్షణం వల్ల ఈ ప్రాసెసర్లు మొబైల్ ఫోన్లలో స్థిరపడ్డాయి. 2011లో ప్రకటించిన 64 బిట్ల రూపం సర్వర్లకు దారి తెరిచింది.

అమెజాన్ తన సొంత ఆర్మ్ ప్రాసెసర్ గ్రావిటాన్‌ను 2018లో ప్రవేశపెట్టింది. ఒరాకిల్ 2021లో, మైక్రోసాఫ్ట్, గూగుల్ 2022లో యాంపియర్ సంస్థ ప్రాసెసర్లతో ఈ తరహా సర్వర్లను అందుబాటులోకి తెచ్చాయి. అదే స్థాయి ఎక్స్86 సర్వర్లతో పోలిస్తే గ్రావిటాన్2పై వెచ్చించిన ధరకు 40 శాతం వరకు మెరుగైన పనితీరు లభిస్తుందని అమెజాన్ ప్రకటించింది. ఇది తయారీదారు చెప్పిన గరిష్ఠ అంచనా మాత్రమే. వాస్తవ లాభం నడిపే పనిని బట్టి మారుతుంది. అయితే ఒక నిర్మాణపరమైన తేడాను గమనించాలి. ఎక్స్86 క్లౌడ్ సర్వర్లలో ఒక వర్చువల్ సీపీయూ సాధారణంగా ఒక కోర్‌లో సగం వాటా. గ్రావిటాన్‌లో అది పూర్తి కోర్.

ఇమేజ్ అంటే ఏమిటి?

కొత్త సర్వర్ డిస్కుపైకి యథాతథంగా నకలు చేసే సిద్ధ ప్రతిని ఇమేజ్ అంటారు. అందులో లినక్స్ కెర్నల్, ప్రాథమిక ఉపకరణాలు, తొలిసారి మొదలైనప్పుడు సర్వర్‌ను అమర్చే చిన్న ప్రోగ్రాం ఉంటాయి. ఒక ప్రాసెసర్ జాతికి తయారుచేసిన ఇమేజ్ మరో జాతిపై మొదలవదు. అందుకే ఆర్మ్ సర్వర్‌కు ‘ఏఆర్చ్64’ లేదా ‘ఆర్మ్64’ అని గుర్తు ఉన్న ఇమేజ్‌నే ఎంచుకోవాలి. ఈ రెండు పేర్లూ ఒకే నిర్మాణాన్ని సూచిస్తాయి.

తేలికైన ఇమేజ్‌లలో ఆల్పైన్ లినక్స్ పేరు ప్రముఖం. 2005లో మొదలైన ఈ పంపిణీ 2016 చివర్లో వెలువడిన 3.5 సంచిక నుంచి 64 బిట్ల ఆర్మ్‌ను అధికారికంగా ఆదరిస్తోంది. కంటైనర్‌గా వాడితే 8 మెగాబైట్లకు మించదని, డిస్కుపై కనీస స్థాపనకు సుమారు 130 మెగాబైట్లు చాలని ఆ ప్రాజెక్టు చెబుతుంది. అర గిగాబైట్ మెమరీ మాత్రమే ఉండే అతిచిన్న క్లౌడ్ సర్వర్‌పై కూడా ఇది సౌకర్యంగా నడుస్తుంది.

ఈ పొదుపు మూడు ఎంపికల వల్ల సాధ్యమైంది. ప్రోగ్రాములకూ కెర్నల్‌కూ మధ్య నిలిచే సీ లైబ్రరీగా ఇతర పంపిణీలు ఎక్కువగా వాడే జీలిబ్‌సీకి బదులు ఆల్పైన్ ‘మసల్’ అనే చిన్న లైబ్రరీని వాడుతుంది. నిత్యం వాడే ఆదేశాలన్నింటినీ ఒకే ఫైలులో అందించే బిజీబాక్స్‌ను చేర్చుకుంది. సర్వీసులను నడిపేందుకు సిస్టమ్‌డీకి బదులు ఓపెన్‌ఆర్‌సీని ఎంచుకుంది.

మొదటి ప్రారంభం

క్లౌడ్‌లో సర్వర్ మొదలైన వెంటనే అందులోని అమరిక ప్రోగ్రాం 169.254.169.254 అనే అంతర్గత చిరునామాను సంప్రదిస్తుంది. సర్వర్ పేరు, యజమాని ఎస్ఎస్‌హెచ్ బహిరంగ తాళంచెవి అక్కడి నుంచే అందుతాయి. ఈ పనికి ఆల్పైన్ రెండు రకాల ఇమేజ్‌లను ఇస్తోంది. ‘టైనీ క్లౌడ్’ ఉన్నది చిన్నది. ‘క్లౌడ్ ఇనిట్’ ఉన్నది పైథాన్‌ను కూడా వెంట తెచ్చుకుంటుంది కాబట్టి పెద్దది. కానీ ఇతర పంపిణీల కోసం ఇప్పటికే అమరిక ఫైళ్లు రాసుకున్నవారికి రెండోదే అనుకూలం. లాగిన్ తాళంచెవితోనే జరుగుతుంది. కాబట్టి రహస్య తాళంచెవి నకలును మరోచోట భద్రపరచుకోవాలి.

నవీకరణల విషయంలోనూ ఒక జాగ్రత్త అవసరం. ఆల్పైన్ కొత్త సంచికలు ఏడాదికి రెండుసార్లు వెలువడతాయి. ‘మెయిన్’ భాండాగారంలోని ప్యాకేజీలకు రెండేళ్ల పాటు భద్రతా సవరణలు అందుతాయి. ‘కమ్యూనిటీ’ భాండాగారంలోని వాటికి తర్వాతి సంచిక వచ్చేవరకే అందుతాయి. ఆ భాండాగారంపై ఆధారపడే సర్వర్‌ను సుమారు ఆరు నెలలకోసారి కొత్త సంచికకు మార్చాల్సి ఉంటుంది.

ఏవి నడవవు?

ఎక్స్86 కోసం తయారైన ప్రోగ్రాంను ఆర్మ్‌పై నడపబోతే ‘ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్’ అనే సందేశం వస్తుంది. కారణం స్పష్టం కాబట్టి ఈ లోపాన్ని గుర్తించడం సులభం. రెండో లోపం తికమకపెడుతుంది. ఆర్మ్ కోసమే తయారైనా జీలిబ్‌సీపై ఆధారపడిన ప్రోగ్రాంను ఆల్పైన్‌పై నడిపితే, ఫైలు కళ్లెదుటే ఉన్నా ‘కనబడలేదు’ అని సమాధానం రావచ్చు. నిజానికి కనబడనిది ఆ ఫైలు కాదు, దాన్ని మెమరీలోకి ఎక్కించాల్సిన జీలిబ్‌సీ లోడర్.

గో భాషలో రాసిన ప్రోగ్రాములను ఆర్మ్ కోసం మళ్లీ కంపైల్ చేయడం తేలిక. జావా బైట్‌కోడ్‌ను మార్చనక్కరలేదు, దాన్ని నడిపే వర్చువల్ మెషీన్ మాత్రం ఆర్మ్‌కూ మసల్‌కూ తగినదై ఉండాలి. పైథాన్‌లో సీ భాషా భాగాలున్న ప్యాకేజీలకు ‘మసల్‌లినక్స్’ రకం సిద్ధ ఫైళ్లు ఉన్నాయో లేదో చూసుకోవాలి. అవి లేకపోతే సర్వర్‌పైనే కంపైల్ చేయాల్సి వస్తుంది. చిన్న సర్వర్‌పై ఆ పనికి మెమరీ చాలకపోవచ్చు. మూలసంకేతం అందుబాటులో లేని వాణిజ్య సాఫ్ట్‌వేర్ విషయంలో తయారీదారు ఆర్మ్ ప్రతిని ఇస్తేనే ముందుకు వెళ్లాలి.

తెలుగు సమాచారం ఉన్నప్పుడు

పై లోపాలు కనీసం సందేశం రూపంలో బయటపడతాయి. తెలుగుకు సంబంధించిన లోపం ఏ సందేశమూ ఇవ్వదు. మసల్‌లో యూనికోడ్ అక్షరాలు సక్రమంగానే నిల్వ అవుతాయి. కానీ భాషలవారీ వరుసక్రమ నియమాలు అందులో లేవు. పదాలను అది యూనికోడ్ సంఖ్యల ప్రకారమే పేరుస్తుంది. యూనికోడ్ పట్టికలో ‘ళ’ అక్షరం ‘ల’ తర్వాత, ‘వ’ కంటే ముందు ఉంది. వర్ణమాలలో అది ‘హ’ తర్వాత వస్తుంది. ఫలితంగా ‘కవిత’ తర్వాత రావలసిన ‘కళ’ జాబితాలో ముందుకు చేరుతుంది. కొన్ని పేర్ల జాబితాలో ఈ తేడా కనిపించకపోవచ్చు. గ్రంథాలయ సూచికలోనో, నిఘంటువులోనో, వేల పేర్లున్న లబ్ధిదారుల పట్టికలోనో వెతికేవారికి మాట ఉండాల్సిన చోట దొరకదు.

దీనికి పరిష్కారం ఐసీయూ అనే బహుభాషా లైబ్రరీ. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్‌లో 10వ సంచిక నుంచి దీన్ని నిలువు వరుసల స్థాయిలోనూ, 15వ సంచిక నుంచి డేటాబేస్ మొత్తానికీ వాడుకోవచ్చు. అయితే ఇక్కడ మరో మెలిక ఉంది. 2022లో వెలువడిన ఆల్పైన్ 3.16 నుంచి ఐసీయూ ప్యాకేజీతో పాటు ఆంగ్ల సమాచారం మాత్రమే వస్తుంది. తెలుగు సహా మిగిలిన భాషల నియమాలు ‘ఐసీయూ డేటా ఫుల్’ అనే ప్రత్యేక ప్యాకేజీలో ఉంటాయి. దాన్ని విడిగా చేర్చాలి. దానివల్ల పెరిగే పరిమాణం కొన్ని పదుల మెగాబైట్లే.

సర్వర్ తెలుగులో పీడీఎఫ్‌లనో చిత్రాలనో తయారుచేస్తుంటే తెలుగు ఫాంట్‌ను కూడా చేర్చాలి. లేకపోతే అక్షరాల స్థానంలో ఖాళీ గడులు కనిపిస్తాయి. కాలమండలాల సమాచారమూ కనీస ఇమేజ్‌లో ఉండకపోవచ్చు. అలాంటప్పుడు గడియారం అంతర్జాతీయ సమయంలో నడుస్తుంది. ఉదయం 6 గంటలకు పంపాలని నిర్దేశించిన సందేశం భారతీయ కాలమానం ప్రకారం 11.30కు వెళ్తుంది. ‘టీజెడ్ డేటా’ ప్యాకేజీని చేర్చి, ఆసియా/కోల్‌కతా మండలాన్ని ఎంచుకుంటే ఇది సరిపోతుంది.

మారే ముందు

ఒరాకిల్ 2020లో, అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్‌లో క్లౌడ్ కేంద్రాలను ప్రారంభించాయి. దూరం తగ్గడం వల్ల తెలుగు రాష్ట్రాల వినియోగదారులకు స్పందన వేగం పెరుగుతుంది. అయితే అన్ని రకాల సర్వర్లూ అన్ని కేంద్రాల్లోనూ లభించవు కాబట్టి, కావలసిన ఆర్మ్ రకం అక్కడ ఉందో లేదో ముందుగా చూసుకోవాలి.

క్లౌడ్ అద్దెను వాడిన కాలానికే లెక్కిస్తారు. అందువల్ల పాత సర్వర్‌ను అలాగే ఉంచి, దాని పక్కన కొత్తదాన్ని కొన్ని రోజులు నడిపి చూడటం పెద్ద ఖర్చు కాదు. ఆ పరీక్షలో వేగాన్ని కొలవడం ఒక్కటే సరిపోదు. అన్ని ప్రోగ్రాములూ మొదలవుతున్నాయా, నిర్దేశిత పనులు భారతీయ కాలమానం ప్రకారం జరుగుతున్నాయా, నిల్వ చేసిన ప్రతులు తిరిగి తెరుచుకుంటున్నాయా అన్నవి సరిచూసుకోవాలి. తెలుగు పేర్లు నిల్వ చేసే ప్రతి సంస్థా మరో చిన్న పరీక్ష జరపాలి. ‘కవిత’, ‘కళ’ అనే రెండు పేర్లను డేటాబేస్‌లో చేర్చి అక్షరక్రమంలో అడగాలి. ‘కళ’ ముందుగా వస్తే ఆ సర్వర్ ఇంకా సిద్ధం కానట్లే.