వంతెన ఒత్తిడిని పసిగట్టే గాజు పోగు

ఇళ్లకు ఇంటర్నెట్ తెచ్చే ఆప్టికల్ ఫైబరే వంతెనలు, సొరంగాల బాగోగులనూ కనిపెడుతుంది. మన పిల్లలు ఈ పాఠాన్ని కన్నడంలోనో, తమిళంలోనో, ఇంగ్లీషులోనో చదువుతారు. ఇంట్లో తెలుగులో చెప్పుకోవడానికి వీలుగా ఇక్కడ ఇస్తున్నాం.

పోగు నిర్మాణం: మామూలు గాజు పోగు మందం 125 మైక్రోమీటర్లు. వెలుగు నడిచే నడిమి భాగం సుమారు 9 మైక్రోమీటర్లే. దాని వక్రీభవన గుణకం పై పొర కన్నా కొంచెం ఎక్కువ కాబట్టి వెలుగు బయటికి పోదు. వెలుగుకు ఇలా దారి చూపే నిర్మాణమే వేవ్‌గైడ్.

లేజర్ పని: లేజర్ కాంతితో పోగులోని గాజు గుణాన్ని శాశ్వతంగా మార్చవచ్చని 1978లో కెనడాలో కెన్నెత్ హిల్ బృందం చూపింది. 1989లో గెరాల్డ్ మెల్ట్జ్ బృందం పక్కనుంచి అతినీలలోహిత కాంతి పంపి, పోగులో సన్నని చారల వరుస ఏర్పరచింది. దీన్నే ఫైబర్ బ్రాగ్ గ్రేటింగ్ అంటారు.

కొలిచే తీరు: గ్రేటింగ్ ఒక్క తరంగదైర్ఘ్యాన్నే వెనక్కి పంపుతుంది. పోగు సాగితే చారల ఎడం పెరిగి అది మారుతుంది. 1550 నానోమీటర్ల దగ్గర, పొడవులో పది లక్షలవ వంతు సాగితే మార్పు సుమారు 1.2 పికోమీటర్లు.

జాగ్రత్త: ఒక్క డిగ్రీ వేడికే సుమారు 10 పికోమీటర్ల మార్పు వస్తుంది. సరిచూడకపోతే ఎండను బరువనుకుంటాం, లేదా నిజమైన ప్రమాదాన్ని ఎండ ఖాతాలో వేసేస్తాం. అందుకే బరువు పడని మరో గ్రేటింగ్‌తో వేడిని విడిగా కొలుస్తారు.

పోగులో కరెంటు ఉండదు, నిప్పురవ్వ రాదు. గనులకూ, చమురు ట్యాంకులకూ ఇది పనికొచ్చేది అందుకే. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలోనూ ఈ గ్రేటింగ్‌లపై పరిశోధన జరిగింది.