అడుగవద్దన్న మాట, అడుగుడన్న మాట



1961 జనవరి 20వ తేదీన వాషింగ్టను నగరమందు ఎముకలు కొరుకు చలి. ముందటి రాత్రి కురిసిన మంచును సైనికులు తెల్లవార్లు ఎత్తిపోసి వీధులు బాగుచేసిరి. ఆ మధ్యాహ్నము నలుబది మూడేండ్ల జాన్ ఎఫ్. కెన్నెడీ అమెరికా అధ్యక్షుడుగా ప్రమాణము చేసెను. రోమను కతోలికుడొకడు ఆ పదవికి ఎన్నికగుట అదే మొదలు. వృద్ధ కవియగు రాబర్ట్ ఫ్రాస్ట్ ఆ దినమునకై ఒక పద్యము వ్రాసి తెచ్చెను గాని, మంచుమీది యెండకు కన్నులు చెదరగా కాగితము చదువలేక, కంఠస్థముగా నున్న వేరొక పద్యమును చెప్పి కూర్చుండెను. కెన్నెడీ ప్రసంగము పదునాలుగు నిమిషములు నిండకమునుపే ముగిసెను. మన ప్రసంగీకులు కొందరు ఈ సంగతి గమనింతురు గాక!

ఆ ప్రసంగములోని ఒక్క మాట మీ పిల్లలు బడిలో వినియుందురు. దేశము నీకేమి చేయునని అడుగవద్దు, దేశమునకు నీవేమి చేయగలవో అడుగుమని దాని భావము. మంచి మాటయే. కాని ఎవరి నోట ఏ వేళ వచ్చుచున్నదో చూడవలెను. మంచినీటి బావికై, బడి గదికై అర్జీ పట్టుకొని వెళ్లిన బీదవానితో కుర్చీలోని పెద్దమనిషి ఈ మాట చెప్పినయెడల అది నోరు మూయించుట యగును గాని ఉపదేశము కానేరదు. తన పొలమునకు కాలువ తెచ్చుకొన్నవాడే, పొరుగువాడు కాలువ అడిగినప్పుడు త్యాగమును గూర్చి బోధించును!

అందుచేత ఆ మాట వెంట ఏమి వచ్చినదో తెలిసికొనుట అవసరము. ముగింపునకు ముందు కెన్నెడీ తన ప్రజలతోను లోక ప్రజలతోను మరియొకటి చెప్పెను. మేము మిమ్మును ఎంత బలము, ఎంత త్యాగము అడుగుచున్నామో, మీరును మమ్మును అంతయు అడుగుడనెను. అడుగవద్దన్న నోటనే అడుగుడన్న మాటయు వచ్చినది. మొదటిది గోడలమీదికి ఎక్కెను, రెండవది మరుగున పడెను.

ఆ ప్రసంగములో మనవంటి పల్లెలవారి ప్రస్తావనయు గలదు. భూగోళమున సగము మేర గుడిసెలలోను గ్రామములలోను దరిద్రపు కట్లు తెంచుకొన పెనుగులాడువారికి తోడ్పడుదుమనియు, అది న్యాయము గనుక చేయుదుమనియు వాగ్దానము చేసెను. కాడి విప్పి బాధింపబడినవారిని విడిపింపుమన్న యెషయా ప్రవక్త ఆజ్ఞను, నిరీక్షణయందు ఆనందించుచు శ్రమలలో ఓర్చుకొనుమన్న పౌలు హెచ్చరికను ఉదహరించెను. ఆ మార్చి 1న శాంతిదళము స్థాపించెను. ఆ సంవత్సరాంతమునకే దాని యువజనులు కొందరు మన పంజాబునకు వచ్చిరి. 1976 వరకు ఆ దళము మన దేశమున పనిచేసినది.

లోకమంతటిని గూర్చి యింత చెప్పినవాడు తన యింటి సంగతి యేమి చెప్పెను? దక్షిణ రాష్ట్రములలో నల్లవారికి వేరు బడి, వేరు బల్ల, అనేకులకు ఓటు దక్కని కాలమది. ప్రసంగపు చిత్తు ప్రతిలో లోకమందలి మానవ హక్కుల మాట యుండెను గాని స్వదేశపు మాట లేదు. కెన్నెడీ సహాయకులగు హారిస్ వాఫర్డ్, లూయీ మార్టిన్ పట్టుబట్టగా “మన దేశములోను” అను అర్థమిచ్చు రెండు చిన్న మాటలు చేర్చబడెను. ఈ వాఫర్డ్ మన దేశమునకు వచ్చి గాంధీజీ మార్గమును అభ్యసించి, భార్యతో కలిసి దానినిగూర్చి గ్రంథము వ్రాసినవాడు. ఆ ప్రసంగమంతటిలో నల్లవారికి దక్కినది ఆ రెండు మాటలే.

అయినను విన్నవాడొకడుండెను. మిసిసిపీ రాష్ట్రపు జేమ్స్ మెరెడిత్ నల్లవాడు, తొమ్మిదేండ్లు వైమానిక దళములో కొలువు చేసినవాడు. దేశమునకు నీవేమి చేసితివని అతని నెవరును అడుగ నక్కరలేదు. అతడు ఆ ప్రసంగము విని, జనవరి 21 తేదీ వేసి, తెల్లవారికి మాత్రమే ప్రవేశమున్న మిసిసిపీ విశ్వవిద్యాలయమునకు దరఖాస్తు పత్రము పంపుడని జాబు వ్రాసెను. తనకు రావలసినది అడుగుటయే దేశమునకు తాను చేయదగిన సేవయని అతడు తలంచెను. అతడు సరిగానే అర్థము చేసికొనెనని నా అభిప్రాయము.

విశ్వవిద్యాలయము త్రోసివేసెను. వ్యాజ్యెము ఏడాదికి పైగా నడిచెను. న్యాయస్థానము చేర్చుకొనుడని తీర్పు చెప్పినను గవర్నరు రాస్ బార్నెట్ స్వయముగా అడ్డు నిలిచెను. 1962 సెప్టెంబరు 30వ తేదీ రాత్రి అక్కడ పెద్ద అల్లరి చెలరేగి ఇద్దరు మరణించిరి. కాపు వచ్చిన ప్రభుత్వపు మార్షలులలో నూరుమందికి పైగా గాయపడిరి. అంతవరకు ఈ విషయమున మెల్లగా అడుగులు వేయుచుండిన కెన్నెడీ సైన్యమును పంపవలసి వచ్చెను. తెల్లవారి అక్టోబరు 1న మెరెడిత్ పేరు నమోదు చేసికొని తరగతికి వెళ్లెను.

1963 జూన్ 11న కెన్నెడీ టెలివిజనులో మాటలాడి, ఇది పరిశుద్ధ లేఖనములంత పాతదగు నీతి ప్రశ్నయని ఒప్పుకొనెను. ఆగస్టులో మెరెడిత్ పట్టా పుచ్చుకొనెను. నవంబరు 22న డల్లాసు నగరమున కెన్నెడీ హతుడయ్యెను. ఆయన తలపెట్టిన పౌరహక్కుల శాసనముపై 1964 జూలై 2న చేవ్రాలు చేసినది లిండన్ జాన్సన్. ఆ మంచు దినమున అదే వేదికమీద, కెన్నెడీకి కొంచెము ముందుగా, ఉపాధ్యక్షుడుగా ప్రమాణము చేసినవాడు.